నూట ఇరవై గ్రాములు

పాపాన్ని తూచే త్రాసు ఎక్కడైనా ఉంటే, నూట ఇరవై గ్రాములకు దాని ముల్లు కదులుతుందా? పద్నాలుగేళ్లుగా నాకున్న సందేహం ఇది. ఎవరినీ అడగలేదు. చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడిలో రోజూ ప్రదక్షిణ చేస్తూ, నేను పాపిని, పాపాలు చేసేవాణ్ణి అని శ్లోకం చెబుతాను. నా ముందు నడిచేవాళ్లూ అదే చెబుతారు, వెనక నడిచేవాళ్లూ అదే చెబుతారు. ఇంతమందిలో ఒక్కొక్కరినీ నిలబెట్టి, ఏ పాపం నాయనా అని స్వామి అడగడు గదా. ఆ ధైర్యంతోనే ఇన్నాళ్లూ గడిపాను.

స్వామి అడగలేదు. మా అమ్మాయి నిహారిక అడిగింది.

"నాన్నా, ఇది ఒక్క పొట్లం సంగతా? అన్ని పొట్లాలూ ఇంతేనా?"

నిన్న అడిగిన ప్రశ్నే ఇవాళ పొద్దున్నే మళ్లీ అడిగింది. భోజనాల బల్ల మీద ఇడ్లీలు చల్లారిపోయాయి. వాటి పక్కన ఆ పోస్టుకార్డు ఉంది. నిన్న ఏకాదశికి పటాలు తుడుస్తూ, దేవుడి గూట్లోంచి నిహారికే దాన్ని బయటికి తీసింది. ఏమిటిదని అడిగితే, చచ్చిన గింజలున్న పొట్లానికి బదులు అడిగాడని మాత్రం చెప్పాను.

"ఏకాదశి నిన్నటితో అయిపోయిందే. ఇవాళ ద్వాదశి. తినకపోతే పుణ్యం రాదు సరిగదా, ఉన్నది కూడా పోతుంది" అంది మా ఆవిడ బుల్లెమ్మ, చట్నీ గిన్నె జరుపుతూ.

"నాన్న చెప్పాక తింటాను."

"మీ నాన్న చెప్పే రకమైతే పద్నాలుగేళ్లు పటాల వెనక ఎందుకు పెడతాడు? దేవుడికి కాపలా అనుకున్నా ఇన్నాళ్లూ. దేవుణ్ణే కాపలా పెట్టాడని నాకేం తెలుసు!"

నేను కార్డు వైపు చూశాను. అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి గానీ ఒక్క కొట్టివేత లేదు. 'సారుకు నమస్కారం. పోయినేడు ఇస్తనన్న చిన్న పొట్లం ఇంక రాలేదు. వానలు పడ్డయి. యాది చేద్దామని రాస్తున్న. రాజేశం.' కింద జమ్మికుంట దగ్గరి ఊరి పేరు.

"అన్నీ ఇంతేనమ్మా. ఆ ఏడు మా షెడ్డు నుంచి వెళ్లినవన్నీ" అన్నాను.

నిహారిక ఇడ్లీ పళ్లెం దూరంగా జరిపింది.

మా కంపెనీ, కాయ తొలిచే పురుగును చంపే బీటీ పత్తి విత్తనాలు అమ్మేది. ఆఫీసు నారాయణగూడలో, ప్యాకింగు షెడ్డు ఊరి బయట. నేను ఆ షెడ్డు లెక్కలు రాసేవాణ్ణి. ప్రతి సంచిలో పెద్ద పొట్లంతో పాటు నూట ఇరవై గ్రాముల చిన్న పొట్లం ఒకటి పెట్టాలని రూలు. చిన్నదాంట్లో మామూలు పత్తి గింజలు ఉండాలి. చేను చుట్టూ అయిదు సాళ్లు వాటిని వేస్తే, పురుగు వాటిని తిని మామూలు పురుగుగానే బతుకుతుంది. బీటీని తట్టుకున్న మొండి పురుగు ఒకటీ అరా ఉన్నా, వీటితో కలిసి దాని సంతానం మెత్తబడుతుంది. ముందు కాకికి ముద్ద పెట్టి మనం తిన్నట్టు, పురుగు వాటా పురుగుకు వదలడం. మొదటిసారి విన్నప్పుడు, ఇందులో ధర్మం ఉందే అనుకున్నాను.

ఆ ఏడు చిన్న పొట్లాలకు గింజలు చాల్లేదు. మొలక చచ్చిన పాత సరుకు డ్రమ్ముల్లో ఉంటే అది పోయించారు మేనేజరు హనుమప్పగారు. "ఎట్లాగూ ఎవరూ వెయ్యరు జగన్నాథరావ్. పారేసేవే గదా. ఆ పొట్లం రూలు కోసం, రైతు కోసం కాదు" అన్నారు. రిజిస్టరులో 'మొలక డెబ్బై అయిదు శాతం' అని రాశాను. నా చేత్తోనే రాశాను.

ఎవరూ వెయ్యరన్న పొట్లాన్ని ఒకాయన వేశాడు. సంచి మీద ముద్రించింది అక్షరం అక్షరం చదివి వేశాడు.

"నా అధ్యాయంలో ఏం రాశానో తెలుసా?" అంది నిహారిక. అది రాజేంద్రనగర్‌లో వ్యవసాయం చదివి, బషీర్‌బాగ్‌లో ఒక సలహా సంస్థలో పనిచేస్తోంది. వచ్చే నెల పది దేశాల విత్తన కంపెనీల వాళ్లు ఊళ్లో కలుస్తున్నారు. వాళ్ల ముందు పెట్టే నివేదికలో పత్తి గులాబీ పురుగు గురించిన భాగం దానిది. "పురుగు మొండిదవడానికి ముఖ్య కారణం రైతుల నిర్లక్ష్యం అని రాశాను. చుట్టూ సాళ్లు వెయ్యలేదు, చిన్న పొట్లాలు పారేశారు అని. నలభై పేజీలు నాన్నా."

"పారేసిన మాట అబద్ధం కాదుగా తల్లీ. చాలామంది పారేశారు."

"మొలవని గింజ ఒకసారి వేసినవాడు రెండోసారి ఎందుకు వేస్తాడు? ఆ వాక్యం నా నలభై పేజీల్లో ఎక్కడుంది?"

నేను కార్డును బల్ల అంచు నుంచి లోపలికి జరిపాను. అది ఆగలేదు.

"జన్యువు సముద్రాల అవతలి కంపెనీది. ఇక్కడ అమ్మిన ప్రతి సంచి మీదా వాళ్లకు ఫీజు ముట్టింది. ఇప్పుడు పాతది పనిచెయ్యట్లేదు, కొత్తది అమ్మాలి. పాతది ఎందుకు చెడిందని ఎవరో ఒకరు అడుగుతారుగా? రైతు తప్పు అని రాస్తే అక్కడా ఇక్కడా ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. ఆ రాసిపెట్టే పని నేను చేశాను."

"తండ్రి రిజిస్టరులో రాశాడు, కూతురు కంప్యూటర్లో రాసింది. ఇంటిపేరు నిలబెట్టారు" అంది బుల్లెమ్మ.

"నువ్వు సంతకం పెట్టి ఒక కాగితం ఇవ్వు నాన్నా. ఒక్క కార్డు చూపిస్తే, పాపం ఒక్క రైతు అంటారు. షెడ్డులో ఏం పోశారో నువ్వు చెబితే ఆ అధ్యాయం మారుతుంది."

"నీ ఉద్యోగం కూడా మారుతుంది" అని గయ్యిమంది బుల్లెమ్మ. "ఏమండీ, సంతకం గింతకం అన్నారంటే ఊరుకోను. ఆ కంపెనీ అప్పిస్తేనే పైవాటా లేచింది. ఈ పిల్ల చదివింది ఆ జీతంతోనే. తిన్న ఉప్పు మర్చిపోతామా?"

"ఉప్పు ఎవరు తినిపించారమ్మా? కంపెనీయా, సంచి కొన్న ఈ రాజేశమా?" అంది నిహారిక. కార్డు చేతిలోకి తీసుకుని నా వైపు తిరిగింది. "ఇంకో మాట అడుగుతాను. ఈ రాజేశం, పైన మన రమ్య వాళ్ల నాన్నేనా?"

బుల్లెమ్మ చేతిలో గరిటె ఆగింది.

అవునన్నాను. పైగదిలో రమ్య మూడేళ్లుగా ఉంటోంది. అశోక్‌నగర్‌లో కోచింగు తీసుకుంటూ, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుతోంది. ఆ పిల్లకు డిగ్రీ అయ్యాక ఒకరోజు మా ఇంటికి ఫోన్ వచ్చింది. 'సారూ, హైదరాబాద్‌ల మీరొక్కరే ఎరుక. పిల్లకు ఒక రూము చూడుండ్రి' అన్నాడు రాజేశం. నన్ను ఆయన చూసింది అంతకు ముందు ఒక్కసారే. మొలవని పొట్లం పట్టుకుని నారాయణగూడ ఆఫీసుకు వచ్చినప్పుడు టీ ఇప్పించాను. ఆ టీ ఆయనకు గుర్తుంది. ఆ కార్డు తర్వాత గింజల సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు.

"అందుకా కిరాయి పెంచుదామంటే మూడేళ్లుగా మూగనోము పట్టారు!" అంది బుల్లెమ్మ. కాసేపటికి గొంతు తగ్గించి, "ఆయనకు తెలుసా?" అంది.

"తెలియదు."

"అయితే తెలియనక్కర్లేదు."

గేటు చప్పుడైంది.

"సారూ, మంచిగున్నరా?"

భుజాన బియ్యం బస్తాతో రాజేశం గుమ్మంలో నిలబడ్డాడు. బస్తా దించి కండువాతో మొహం తుడుచుకున్నాడు. నిహారిక కార్డు మీద వార్తాపత్రిక కప్పింది.

"పొద్దుగాల బస్సుకే ఎక్కిన. అమ్మా, గీ చిన్న మూట మీకు. మా ఇంటిది చింతపండు పంపింది."

"సమ్మక్క బాగుందా? కూర్చోండి, కాఫీ ఇస్తాను" అంది బుల్లెమ్మ. ఆ మూట అందుకోవడానికి ఎప్పుడూ లేనంత తడబడింది.

"వానలెలా ఉన్నాయి రాజేశం?" అన్నాను. మాట్లాడాలి కాబట్టి మాట్లాడాను.

"మొగులైతే కమ్మింది సారూ. రేపే మిరుగం కార్తె గద. పిల్లను తోల్కపోదామని అచ్చిన. రెండు దినాల్ల మల్ల పంపిస్త."

"రేపు ఆదివారం దానికి పరీక్ష కదయ్యా!"

ఆయన తల వంచుకున్నాడు. "ఎరుకే సారూ" అని, బస్తా ఎత్తుకుని పైకి వెళ్లాడు.

అయిదు నిమిషాలు గడిచాయో లేదో, పైన రమ్య గొంతు పెరిగింది. మా ఇంటి మెట్లు పాతవి. అక్కడ గుసగుసలాడినా ఇక్కడ వినిపిస్తుంది.

"రెండేండ్లు సదివిన బాపూ! హాల్ టికెట్ చేతిల ఉన్నది. నాలుగు గింజలు పెట్టనీకి నేను ఊరికి రావాల్నా?"

"నీ చెయ్యి మంచిది బిడ్డ. ఏటా నువ్వే పెడుతున్నవు."

"అవ్వతోని పెట్టియ్యి."

"అవ్వ మోకాళ్లు వంగుతలేవు. ఎరుక లేదా?"

"అయితే నువ్వే పెట్టు! నీ చేతికేమైంది?"

ఆ తర్వాత మెట్ల మీద అడుగులు వినిపించాయి. రమ్య ఏడుపు మొహంతో నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అంకుల్, మీరన్న చెప్పుండ్రి. మీ మాట అంటే బాపుకు గురి. మిరుగం దినం మొదటి ఇత్తు నేనే పెట్టాలంట. తొమ్మిదేండ్ల పిల్లప్పటి సంది పెడుతున్న. నా చెయ్యి అదృష్టం కోసం నా పరీక్ష పోవాల్నా?"

రాజేశం మెల్లగా దిగి వచ్చి గడప దగ్గర ఆగాడు. నా మొహంలోకి చూసి నవ్వాడు. సిగ్గుపడుతున్న నవ్వు.

"పిల్లకు ఎరుక లేదు సారూ. మీకు ఎరుకే గద."

"నాకేం తెలుసు?"

"గా ఏడు మీ దగ్గరికి అచ్చిన జూడుండ్రి, చిన్న పొట్లం పట్టుకొని. నడిమి చేను కూలోళ్లు పెట్టిండ్రు. చుట్టు ఐదు సాళ్లు నేనే పెట్టిన, ఒక్కొక్క గింజ, నా చేతితోని. వాళ్లు పెట్టినయి మొలిచినయి. నేను పెట్టినయి ఒక్కటి మొలువలే. మీరే జెప్పిండ్రు గద సారూ. ఇత్తనం మంచిదే, చేతిని బట్టి గూడ ఉంటదయ్యా అని."

నాకు గుర్తులేదు.

ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఆ క్షణం దాకా గుర్తులేదు. అప్పుడు అంతా కళ్ల ముందుకొచ్చింది. ఆఫీసు వరండా, ఆయన అరచేతిలో కుళ్లిన గింజలు, పక్కన హనుమప్పగారి ఖాళీ కుర్చీ. మనిషిని ఎలాగోలా సముదాయించి పంపాలని, లోతుగా పడ్డాయేమో అన్నాను, తడి చాల్లేదేమో అన్నాను. చివరికి ఆ మాట కూడా అన్నాను. మా అమ్మ పెరట్లో పాదులు పెడుతూ అనే మాట అది, నోటికి తేలిగ్గా వచ్చేసింది.

"అప్పటి సంది నేను ఇత్తు ముట్టలే సారూ" అన్నాడు రాజేశం. "తర్వాత పురుగు అచ్చింది. ఊళ్లె మీటింగు పెట్టి, మీరు చుట్టు సాళ్లు వెయ్యలే, గందుకే పురుగు ముదిరింది అన్నరు. నిజమే. నేను మల్ల వెయ్యలే. చిన్న పొట్లం ఇప్పకుండనే పారేసిన. నా చేతిల మొలువదని ఎరుకైనంక ఎందుకు వేస్త? ఊరికి పురుగు తెచ్చినోళ్లల్ల నేనొకణ్ణి."

వార్తాపత్రిక కింది కార్డు వైపు నిహారిక చూసింది. తర్వాత నన్ను చూసింది.

కండువా తీసుకుని బయటికి నడిచాను. గుడికి వెళ్లొస్తానని ఎవరికి చెప్పానో కూడా తెలియదు.

రోడ్డు మీద ఎటు చూసినా రేపటి పరీక్ష గొడవే. అశోక్‌నగర్ నుంచి గుంపులుగా వస్తున్నారు పిల్లలు. ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతున్నారు, టీ బండి దగ్గర గ్లాసు ఒక చేత, పుస్తకం ఒక చేత. వీళ్లలో ఎంతమంది పత్తి చేల నుంచి వచ్చారో! ఎంతమంది ఇళ్లల్లో చిన్న పొట్లం విప్పకుండా పారేసి, తప్పు తమదే అనుకున్నారో! రోజూ ఈ దారినే నడుస్తాను. ఇవాళే తోచింది.

గుళ్లో మొదటి ప్రదక్షిణ మొదలుపెట్టాను. పాపిని అనే మాట దగ్గర నోరు ఆగిపోయింది. నా ముందొక ముసలాయన ఆ మాట గడగడా చెప్పి వెళ్లిపోయాడు. ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పకుండా, ఇక్కడ స్వామికి చెప్పడం ఏమిటి? అప్పు ఒకరి దగ్గర చేసి ఇంకొకరికి దణ్ణం పెడితే తీరుతుందా?

మూడు పూర్తి చెయ్యకుండా వెనక్కి తిరిగాను. అలా చెయ్యకూడదని తెలుసు.

ఇంటికొచ్చేసరికి హాల్లో రమ్య బ్యాగు సర్ది ఉంది. హాల్ టికెట్ బల్ల మీద పడి ఉంది.

"పోతున్న అంకుల్. మల్ల నోటిఫికేషన్ పడ్డప్పుడు రాస్త" అంది. కళ్లు ఉబ్బిపోయాయి. "బాపు ఒక్కసారి గూడ నన్నేం అడగలే. ఇదొక్కటే అడిగిండు."

రాజేశం మెట్ల మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"రాజేశం, కూర్చో. ఒక మాట."

"మధ్యాహ్నం బస్సు పోతది సారూ."

"పోనీ. నీ చెయ్యి మంచిదే."

ఆయన తలెత్తాడు.

"ఏమండీ" అంది బుల్లెమ్మ వంటింట్లోంచి. నేను అటు చూడలేదు. చూస్తే ఆగిపోతాను.

"నీ చెయ్యి మంచిదే రాజేశం. గింజలు చచ్చినవి. మేం పొట్లం కట్టకముందే చచ్చినవి. పాత సరుకని తెలుసు. మొలవవని తెలుసు. తెలిసే పోశారు. తెలిసే నేను మొలుస్తాయని రాశాను. నువ్వు ఆఫీసుకు వచ్చిన రోజూ నాకు తెలుసు. చేతిని బట్టి ఉంటుందన్నది నా నోటి మాట, నిన్ను పంపించెయ్యడానికి."

చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

వీధిలో పాత ఇనుప సామాను కొనేవాడి కేక వచ్చి, దూరమైపోయింది. రాజేశం తన కుడిచెయ్యి తిప్పి అరచేయి చూసుకున్నాడు. బొటనవేలితో వేళ్ల కొసలు ఒక్కొక్కటే తడిమాడు.

"మా తమ్ముడు ఇల్లు కడ్తె ముగ్గు పోసిన నాడు మొదటి ఇటుక నన్ను పెట్టుమన్నడు" అన్నాడు. "పెద్దోణ్ణి గద. నేను పెట్టలే. కడుపు నొస్తున్నదని ఇంట్ల పండుకున్న. తమ్ముడు ఇప్పటికీ మాట్లాడడు. నేనంటే కుళ్లు అనుకున్నడు."

"తప్పు నాది."

"మీదే సారూ." గొంతు పెంచలేదు. "కోపం లేదనను. ఉన్నది. మీ ఇంట్ల కాపీ తాగిన, గందుకని ఒర్లుతలేను."

రమ్య గోడకు ఆనుకుని నిలబడింది. మూడేళ్లుగా అంకుల్ అని పిలిచిన పిల్ల, నా మొహం చూడటం లేదు.

నేను దేవుడి గూటి దగ్గరికి వెళ్లాను. పటాల వెనక కార్డు ఒక్కటే కాదు, ఒక స్టీలు డబ్బా కూడా ఉంది. నిన్న నిహారిక దాన్ని చూసింది గానీ, ఒత్తుల సామాను అనుకుంది.

నిజానికి ఒత్తుల సామానే. మేడ మీద డ్రమ్ములో బుల్లెమ్మ పెంచే చెట్టు పత్తి ఉంది. దీపానికి ఆ పత్తితోనే ఒత్తులు చేస్తుంది. గింజలు తీసి పారేస్తుంటే నేను ఏరి దాచేవాణ్ణి. ఏటా జూన్‌లో కిరాణా కొట్టు కాటా మీద నూట ఇరవై గ్రాములు తూయించేవాణ్ణి. పది గింజలు తడిగుడ్డలో చుట్టి మొలక చూసేవాణ్ణి. మొలిచేవి. పంపేవాణ్ణి కాదు. పంపితే ఎందుకు పంపానో చెప్పాలి. మరుసటి ఏడు పాతవి పారేసి, కొత్తవి తూయించేవాణ్ణి.

డబ్బా, ఈ ఏడు చుట్టిపెట్టిన తడిగుడ్డ రెండూ తెచ్చి రాజేశం ముందు పెట్టాను.

"నీకు బాకీ ఉన్నవి. ఆ రకం కావు. ఒత్తుల పత్తి. కానీ బతికినవి."

"గింజలు దాచుకునే మగాణ్ణా నేను కట్టుకున్నది దేవుడా" అని గొణిగింది బుల్లెమ్మ. పైటచెంగుతో కళ్లు ఒత్తుకుంది.

రాజేశం ముందు డబ్బా ముట్టలేదు. గుడ్డ విప్పాడు. పదింటిలో తొమ్మిది మొలకెత్తాయి, తెల్లటి తోకలతో. వంగి దగ్గరగా చూశాడు.

"దేవుని పత్తి" అన్నాడు. "గివి చేన్ల పెడితె చెట్టై కూసుంటది సారూ. రైతు కింద కూసోవాలె, నీడకు." రమ్య ముక్కు ఎగబీలుస్తూనే ఫక్కున నవ్వింది. వెంటనే నవ్వినందుకు కోపం తెచ్చుకుంది.

ఆయన లేచి, గుమ్మం పక్కన బుల్లెమ్మ కనకాంబరం కుండీ దగ్గర గొంతుకూర్చున్నాడు. మొలకెత్తిన గింజ ఒకటి రెండు వేళ్లతో పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"పెట్టు బాపూ" అంది రమ్య.

బొటనవేలితో మట్టిలో నొక్కాడు. బుల్లెమ్మ చెంబుతో నీళ్లు పోసింది.

"రేపు మిరుగం నేనే పెట్టుకుంట బిడ్డ. నువ్వు పరీక్ష రాయి" అన్నాడు. రమ్య బ్యాగు తీసుకుని పైకి పరుగెత్తింది. తలుపు వేసుకున్నాక ఏడుపు వినిపించింది.

ఆయన డబ్బాలోని గింజలు కండువా కొసలో పోసుకుని ముడి వేశాడు.

"ముట్టినయి సారూ."

తర్వాత చొక్కా లోపలి జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నాలుగు మడతల కాగితం. మడతల దగ్గర అరిగి, అవతలి వెలుతురు కనిపిస్తోంది. పైన మా కంపెనీ పేరు అచ్చయి ఉంది.

ఆ కాగితం ఎప్పుడో పోయి ఉంటుందనుకున్నాను. ఆ రోజు ఆయన, కాయితం ఇస్తేనే పోత అని కూర్చుంటే, నేనే టైపు చేసి ఇచ్చాను. 'మీరు తెచ్చిన పొట్లంలోని విత్తనాలు మొలకెత్తలేదని గుర్తించాము. వచ్చే సీజనుకు బదులు విత్తనాలు పంపగలము.' కింద నా సంతకం, మా ఇంటి చిరునామా, ఫోన్ నంబరు. సెలవు నుంచి వచ్చి హనుమప్పగారు తల కొట్టుకున్నారు. "ఇది ఒప్పుకున్నట్టేనయ్యా! ఇంక గింజ పంపావంటే రుజువు కూడా ఇచ్చినట్టే" అన్నారు. అందుకే పంపలేదు.

"హైదరాబాద్ అచ్చినప్పుడల్లా గిదే పట్టుకొస్త. అడ్రసు దీని మీదనే ఉన్నది గద" అన్నాడు రాజేశం. కాగితం నా చేతిలో పెట్టాడు. "ముట్టినంక కాయితం ఉంచుకునుడు పాపం. చింపెయ్యుండ్రి."

మా వైపూ అదే ఆచారం. అప్పు తీరాక నోటు చింపాలి, లేదా దాని వెనక చెల్లు రాయాలి.

నిహారిక నా భుజం మీదుగా చదివింది. దాని ఊపిరి నా చెవికి తగిలింది.

"నాన్నా, చింపకు."

"చింపెయ్యండి" అంది బుల్లెమ్మ. "ఇచ్చినాయనే చింపమంటున్నాడు. మీ బాకీ తీరింది. ఇంకేం కావాలి?"

రాజేశం మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఈ కాగితం మీద ఇంత గొడవెందుకో ఆయనకు అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైందనుకుంటాను.

"సారూ, నాది ముట్టింది" అన్నాడు నెమ్మదిగా. "గా ఏడు ఎన్ని సంచులు పోయినయి?"

నాకు తెలుసు. రిజిస్టరు నేనే రాశాను. లక్షా పదకొండు వేల నాలుగు వందల సంచులు.

"పెన్ను ఇవ్వమ్మా" అన్నాను నిహారికతో.

బల్ల ముందు కూర్చున్నాను. చల్లారిన ఇడ్లీలు పక్కకు జరిపాను. కాగితం బోర్లా తిప్పి మడతలు సరిచేసి, పైన శ్రీ చుట్టాను. తేదీ వేశాను. 'రాజేశానికి బాకీ ఉన్న నూట ఇరవై గ్రాముల విత్తనాలు ఈ రోజు ముట్టినవి. చెల్లు' అని రాశాను. ఆయన వంగి, ఆ కింద తన వంకర అక్షరాలతో పేరు రాశాడు. కొట్టివేత లేదు.

పెన్ను మళ్లీ నా చేతికిచ్చాడు. కింద ఇంకా సగం కాగితం ఖాళీగా ఉంది. వెనక బుల్లెమ్మ గాజుల చప్పుడు ఆగిపోయింది.

మిగతా సంచుల లెక్క రాయడానికి రాజేశం పేరు కింద పెన్ను ఆనించాను. ఆనించిన పెన్ను ఎత్తలేదు.